అక్క ఎడమ చేతి కత్తి

నిన్న వికారాబాద్‌లో మా ఇంట్లో మా బిడ్డ స్నేహితులతో కలిసి పాచికలేసి ఆడే కత్తియుద్ధాల ఆట ఆడుతోంది. "రెండు చేతుల్ల రెండు కత్తులు పట్టుకోవచ్చు. కానీ ఎడమ చేతి దెబ్బకు బలం తక్కువ, రూల్ గట్లనే ఉంది" అంది. నాకు మా అక్క గుర్తొచ్చింది.

ఎండాకాలంలో చల్లగా ఉండే నాపరాయి బండలు మన ఈడు వాళ్లకు గుర్తున్నాయా? చిన్నప్పుడు తాండూరు ఇంట్లో ఆ బండల మీద అక్క సుద్దముక్కతో కోటలు, గుర్రాలు గీసేది. మేం గవ్వలేసి, కందికట్టెలతో యుద్ధం చేసేవాళ్లం. అక్కది ఎడమ చేతి వాటం. రెండు చేతులా కట్టెలు పట్టుకొస్తే ఆ ఎడమ దెబ్బకే నేను ఓడిపోయేదాన్ని.

నాయనమ్మకు అది గిట్టేది కాదు. "ఆడపిల్లవు, ఎడమ చేత్తోని అన్నం పెడ్తవా?" అంటూ పాత చీర పేలికతో ఆ చేతిని నడుముకు కట్టేసేది. సెలవులు అయిపోయేసరికి అక్క కుడి చేత్తో రాయడం నేర్చుకుంది. గుర్రాలు మాత్రం ఆ చేతికి రాలేదు. గీయడమే మానేసింది.

నిన్న ఆమెకు ఫోన్ చేశాను.

"ఎడమ చేత్తోని మళ్ల గీసి చూడరాదే అక్కా."



"మస్తుసార్లు చూసిన చెల్లె. గా చెయ్యి గుడ మర్చిపోయింది."