పంపు మీద ఎర్ర గీత

పోయిన మంగళవారం పొద్దున షాలిమార్ గూడ్స్ యార్డు బయట లారీల వరసలో ఉండగా మా పెద్దమ్మ కూతురు ఫోన్ చేసింది. "అన్నయ్యా, అమ్మ లేదు" అంది. ముందురోజు సాయంత్రం దాకా కొట్లో పనిచేసి, ఇంటికొచ్చి అన్నం తిని పడుకున్న మనిషి. ఇంజన్ ఆపేసి కూర్చుండిపోయాను. ముందు లారీ కదిలింది, వెనకవాళ్లు హారన్లు కొట్టారు.

మా అమ్మకు సొంత అక్క ఆవిడ. హుగ్లీ నది అవతల గార్డెన్ రీచ్‌లో డీజిల్ పంపులు సరిచేసే చిన్న కొట్టు నడిపేది. ఇంజన్‌కు ఎంత డీజిల్ కావాలో కొలిచి అందించేది ఆ పంపే. కొట్టు మొదట పెదనాన్నది. పంపును బల్లకి బిగించి తిప్పితే ఆరు గాజు గొట్టాల్లోకి డీజిల్ పడుతుంది. ఆరింట్లోనూ ఒకే మట్టానికి రావాలి. పెదనాన్నకు చూపు మందగించాక ఆ మట్టాలు చదివిపెట్టడానికి వెళ్లిన మనిషి, ఏడాది తిరక్కుండా స్క్రూడ్రైవర్ కూడా తనే పట్టుకుంది. ఆయన పోయాక కొట్టు ఒక్కరోజు కూడా మూతపడలేదు. కొత్తగా వచ్చిన డ్రైవర్లు లోపలికి తొంగిచూసి "మిస్త్రీ కోథాయ్, బౌదీ?" అని బెంగాలీలో, మెకానిక్ ఎక్కడ వదినా అని అడిగేవారు. ఆవిడ పంపు ఇలా ఇవ్వమని చెయ్యి చాపేది.

ఆవిడకో అలవాటుండేది. పని పూర్తయ్యాక డీజిల్ పెంచే, తగ్గించే పంపు స్క్రూ మీదా దాని పక్క ఇనుము మీదా కలిపి ఎర్ర నెయిల్ పాలిష్‌తో సన్నటి గీత గీసేది. స్క్రూ ఎవరు తిప్పినా ఆ గీత విరుగుతుంది. అది ఆరేదాకా నోటితో ఊదుతూ, ఇంజన్‌ను ముట్టుకోనిచ్చేది కాదు. ఫ్యాన్సీ షాపువాడు "ఈ వయసులో ఎవరి కోసం బౌదీ?" అని నవ్వితే "లారీల కోసం" అనేది. తన గోళ్లకు మాత్రం ఏనాడూ వేసుకోలేదు. వేసుకున్నా ఆ గ్రీజు నలుపులో కనపడేది కాదు.

నా సంగతికొస్తే, మా అమ్మానాన్నలిద్దరూ కార్పొరేషన్‌లో వీధులూడ్చినవాళ్లు. మా ఇంట్లో సొంత బండి ఉన్న మొదటివాణ్ణి నేనే. లోడుతో రెండో హుగ్లీ బ్రిడ్జి ఎక్కేటప్పుడు నా పాత లారీ ఆయాసపడేది. అందుకని ఇంజన్‌లోకి గాలిని బలంగా తోసే టర్బో ఒకటి, పెద్ద లారీ నుంచి విప్పింది, సంపాదించి తగిలించాను. ఇక గుర్రమే అనుకున్నాను. ఎత్తు మొదలయ్యేసరికి వెనకంతా నల్లటి పొగ. యార్డు సూపర్‌వైజర్ "ఇంకోసారి ఇలా వస్తే గేటు దాటనివ్వను" అనేశాడు. ఆ గేటు మూసుకుంటే మా పొయ్యి వెలగదు.

పెద్దమ్మ పొగ చూసింది, టర్బో చూసింది, నన్ను చూసింది.

"పెద్ద టర్బో గాలి నెమ్మదిగా అందుకుంటాదిరా. గాలి రాకముందే డీజిలు పోసీస్తే ఏటవుద్ది? పొగవుద్ది."

రెండు రోజులు పట్టింది ఆవిడకు. పంపు వెనక, టర్బో గాలి వచ్చి నొక్కితేనే కదిలే రేకు ఒకటుంటుంది, దానికింద ఓ స్ప్రింగు. గాలి నిండా వచ్చాకే డీజిల్ పెరిగేలా ఆ స్ప్రింగు సర్దింది. కొత్త గాలికి తగ్గట్టు డీజిల్ కాస్త పెంచింది. గాజు గొట్టాలు మళ్లీ మళ్లీ నింపి, ఒంపి చూసింది. గీత గీసింది, ఊదింది.

పొగ పోయింది. లారీ బ్రిడ్జి ఎక్కుతుంటే నాకు ఒళ్లు పొంగింది. పొంగితే ఊరుకోవచ్చుగా! ఇంకాస్త బలం వస్తుందనే ఆశతో ఓ టీకొట్టు పక్కన ఆపి, ఆ స్క్రూ నేనే అర చుట్టు తిప్పాను. రెండు రోజులు ఎగిరినట్టు నడిచింది. మూడోరోజు బ్రిడ్జి మీద ఇంజన్ ఉడికి ఆవిరి కక్కింది. ఇంకో లారీకి కట్టి లాక్కొచ్చాం.

పెద్దమ్మ బానెట్ ఎత్తి, విరిగిన గీత కేసి చూసింది. నా నోరు ఊరుకోదుగా.

"అదే తిరిగిపోయుంటాది పెద్దమ్మా."

"దానికేటి సేతులున్నాయేట్రా?"

అంతే. ఇంకో మాటన్నా, ఓ దెబ్బ వేసినా బాగుండేది. సిగ్గుతో చచ్చిపోయాను. మళ్లీ అంతా మొదటి నుంచి చేసింది. విరిగిన గీతను గీకెయ్యకుండా పక్కనే కొత్తది గీసింది. "పాతది సెరపను. సూసినప్పుడల్లా నీకు గురుతుండాల" అంది. ఆ తర్వాత లోడు వేయించి, తనూ ఎక్కి నా పక్కన కూర్చుంది. బ్రిడ్జి సగం ఎక్కాక "అద్దంలో సూడు, పొగుందా?" అని అడిగింది. లేదన్నాను. "అయితే దిగేక టీ ఇప్పించు" అంది. యార్డు గేటు నాకు మళ్లీ మూసుకోలేదు. ఇవాళ నా పిల్లలు తింటున్న అన్నం ఆవిడ చేతిదే. ఆ ముక్క ఆవిడ బతికుండగా చెప్పలేదు, అదే నా బాధ.

మంగళవారం నేను వెళ్లేసరికి స్నానం చేయించి పడుకోబెట్టారు. ఎంత రుద్దినా గోళ్ల సందుల్లో నలుపు పోలేదు. చెల్లెలు పనిముట్ల పెట్టెలోంచి ఆ ఎర్ర పాలిష్ సీసా తెచ్చి నా చేతిలో పెట్టింది.

"నువ్వే గియ్యి అన్నయ్యా."

పక్కింటి ముసలావిడ అడ్డొచ్చింది. "ఇదేటమ్మా! బొట్టు తీసీసిన మనిషికి రంగులేటి?"

"రంగు కాదు పిన్నీ. పనైపోతే అమ్మ ఇలాగే గీసీది."

కుడిచేతి బొటనవేలి గోరు మీద గీశాను. గీత కాస్త వంకరపోయింది. మోసేవాళ్లు గుమ్మంలోకి వచ్చారు. ఒక్క నిమిషం ఆగమని చెప్పి, వంగి, అది ఆరేదాకా ఊదాను.