ఉల్లిగడ్డ రుద్దిన జపాన్ కెటిల్

నా భార్య ఒమన్ రావడానికి ఒప్పుకున్న రోజున నేను రుసైల్‌లోని మా గోదాములో పైపులు సర్దిస్తున్నాను. ఫోన్ పెట్టేసి ఫోర్క్‌లిఫ్ట్ చుట్టూ రెండు ప్రదక్షిణలు చేశాను. దాన్ని నడుపుతున్నవాడు బ్రేకు వేసి, నాకు ఎండదెబ్బ తగిలిందేమోనని నీళ్ల బాటిల్ అందించాడు. పెళ్లయి పందొమ్మిదేళ్లు. నా సెలవులన్నీ కలిపినా, మేమిద్దరం ఒకే ఇంట్లో ఉన్నది రెండేళ్లకు మించదు. మొదట ఎనిమిది మందితో ఒక రూమ్, తర్వాత నలుగురితో ఒక రూమ్. నిరుడు స్టోర్‌కీపర్‌ని చేశాక కంపెనీ అల్ హైల్‌లో నాకంటూ ఒక గది, దానికొక వంటగది ఇచ్చింది.

ఒప్పుకోవడమంటే పూర్తిగా కాదు. "నెల రోజులు. సూసిపోత, అంతే. నా మిషన్ ఇడిసిపెట్టి అంతకన్న ఎక్కువుండ," అంది. మిషన్ అంటే కుట్టు మిషన్. జగిత్యాలలో మా గల్లీలో ఆమె కుట్టని జాకెట్టు లేదు. బిడ్డ హాస్టల్లో చదువుకుంటోంది కాబట్టి, ఆమెను అక్కడ కట్టిపడేసేది ఆ మిషనొక్కటే. సవతి పోరు ఆడవాళ్లకే ఉంటుందంటారు. నాకూ ఉంది, కాకపోతే దాన్ని కాళ్లతో తొక్కుతారు.

అంటే నా చేతిలో ఉన్నది ఒక్క నెల. ఆ నెలలో ఆమెకు ఇక్కడే ఉండిపోవాలని అనిపించాలి. మా ఆవిడకు చీరల మీద మోజు లేదు, నగల మీద లేదు. చాయ్ మీద ఉంది. సెలవులకు వెళ్లినప్పుడు నేను పెట్టిన చాయ్ ఒక గుక్క తాగి, గ్లాసు పక్కన పెట్టి, "గిన్నె కడిగిన నీళ్లు నయం," అంటుంది. పందొమ్మిదేళ్లుగా అదే మాట. అందుకే పంతం పట్టాను. ఆమె దిగిన రోజు మొదటి చాయ్ నా చేత్తోనే పెట్టాలి, ఆమె గ్లాసు ఖాళీ చేయాలి.

ఆ వారమే లోడు వెంట సోహార్ వెళ్లాను. పోర్టు దగ్గర పనిచేసే జపాన్ ఇంజనీరు ఒకాయన తన దేశానికి వెళ్లిపోతూ, సామాను క్వార్టర్ ముందు దుప్పటి మీద పరిచి అమ్ముతున్నాడు. కుర్చీలు, ఇస్త్రీపెట్టె, వాటి మధ్య నల్లటి పోత ఇనుప కెటిల్. సీతాఫలం మీద ఉన్నట్టు ఒళ్లంతా బొడిపెలు. పైన వంపు తిరిగిన పిడి, చిన్న మూత. ఎత్తబోతే చెయ్యి కిందికి లాగింది. దీనిలో కాచిన నీళ్లు తియ్యగా ఉంటాయని ఇంజనీరు చెప్పాడు. నీళ్లే తియ్యగా ఉంటే ఇక చాయ్ సంగతి చెప్పాలా! జీవితంలో మొదటిసారి బేరమాడకుండా కొన్నాను.

ఆయన దాన్ని పాత పేపర్లో చుడుతూ వచ్చీరాని ఇంగ్లిష్‌లో జాగ్రత్తలు చెప్పాడు. లోపల వేలు పెడుతున్నట్టు చూపించి, రెండు చేతులూ కత్తెరలా అడ్డంగా పెట్టాడు. "ఎస్ సార్," అన్నాను. తోముతున్నట్టు చూపించి మళ్లీ కత్తెర పెట్టాడు. "ఎస్ సార్." తడి లోపలే ఉంచి మూత పెట్టినట్టు చూపించి ఇంకో కత్తెర. "ఎస్ సార్." గల్ఫ్‌లో పదేళ్లు దాటినవాడికి ఎదుటి మనిషి చెప్పడం మొదలుపెట్టగానే తల దానంతట అదే ఊగుతుంది. చెవులు అప్పటికే డ్యూటీ దిగి వెళ్లిపోయి ఉంటాయి. నా తల అక్కడ ఊగుతోంది గానీ, మనసు మా ఆవిడ చాయ్ తాగుతుంటే చూస్తూ కూర్చుంది. ఆయన సంతోషపడి, రెండు చేతులతో కెటిల్ అందించి, నడుం వంచి నమస్కరించాడు. నేనూ వంగాను. ఆయన ఇంకా వంగాడు. మా లోడు బండి డ్రైవర్ హారన్ కొట్టకపోతే ఇద్దరి తలలూ నేలకు తగిలేవి.

ఇనుప సామాను తెచ్చిన రోజే వాడకూడదని మాత్రం నాకు తెలుసు. ఏం చేయాలో తెలియదు. ఆమెను ఆశ్చర్యపరచాలని కెటిల్ మాట దాచి, ఫోన్లో మామూలుగా అడిగినట్టు అడిగాను. "ఇంట్లకు ఇనుప సామాను తెస్తే ముందుగాల ఏం చెయ్యాలె?"

"అట్ల పెంక కొన్నవా?" ఆ గొంతులో సంతోషం విన్నాక కాదని చెప్పడానికి నోరు రాలేదు.

"ఊఁ," అన్నాను.

"లోపట నూనె రాసి సన్నమంట మీద పెట్టు. సగం ఉల్లిగడ్డ కోసి మంచిగ రుద్దు. మూడ్రోజులు గట్లనే చెయ్యి. అప్పుడు అట్టు అంటుకోదు."

చెప్పింది చెప్పినట్టు చేశాను. మూడు రోజులు డ్యూటీ దిగగానే కెటిల్ లోపల నూనె పట్టించి, ఉల్లిగడ్డ ముక్క దూర్చి, వేళ్లు పట్టినంత మేర పాటలు పాడుకుంటూ రుద్దాను. నాలుగో రోజు నీళ్లు కాచి చూస్తే పైన నూనె తెట్టె. గ్లాసు మూతి దగ్గర పెట్టుకుంటే మిర్చిబజ్జీల బండి పక్కన నిలబడ్డట్టుంది. కోపం వచ్చింది. నా మీద రావలసిన కోపం కెటిల్ మీదికి వెళ్లింది. గిన్నెలు తోమే సబ్బూ ఇనుప పీచూ తీసుకుని కసిదీరా తోమి, కడిగి, తడిగానే మూత పెట్టేసి డ్యూటీకి వెళ్లాను. సాయంత్రం మూత తీస్తే లోపలంతా ఎర్రటి తుప్పు. అప్పుడు ఒక్కొక్కటే గుర్తొచ్చాయి ఆ కత్తెరలు. వేలు పెట్టొద్దు. తోమొద్దు. తడి ఉంచొద్దు. మూడింటికీ ఎస్ సార్ అన్నాను, మూడూ చేశాను. ఆమె రావడానికి ఇక ఆరు రోజులే ఉంది. కెటిల్ ఒళ్లో పెట్టుకుని వంటగది నేల మీద కూలబడ్డాను. ఏడుపొచ్చింది, అబద్ధమెందుకు.

మా పక్క గదిలో కడప భాయ్ ఉంటాడు. మా గోదాములోనే గేటు డ్యూటీ. గడ్డానికి గోరింటాకు పెట్టుకోవడంలో మాత్రం నవాబు. ఎప్పటిలా చక్కెర అడగడానికి వచ్చి నన్ను చూశాడు.

"ఏందప్పా, ఎవురన్నా పోయినారా?"

కెటిల్ చేతికిచ్చాను. లోపలికి చూసి, వాసన పీల్చి, ఒకడుగు వెనక్కి వేశాడు. జరిగిందంతా చెప్పాను. గోడకు ఆనుకుని పొట్ట పట్టుకుని నవ్వాడు. నాకు ఒళ్లు మండింది. కాసేపటికి నవ్వు ఆపుకుని తన గడ్డం పట్టుకుని చూపించాడు.

"ఇది ఇంత నల్లగా ఎట్లుండాదనుకున్నావు? మా అమ్మ గోరింటాకు పొడి ఇనుప బాండ్లీలోనే కలిపేది. టీ డికాషన్ పోసి పెడితే తెల్లారేసరికి బాండ్లీ లోపలంతా నలుపు పట్టేది. ఆ బాండ్లీకి తుప్పనేది నేను చూడలేదప్పా. నీ కెటిల్‌కు గోరింటాకు వద్దులే, ఉత్త టీ ఆకేసి ఉడకబెట్టు."

అంతకంటే పోయేదేముందిక? పిడికెడు టీ ఆకు వేసి సన్నమంట మీద అరగంట కాచాం. ఒంపితే సిరాలా వచ్చింది. "మాషాల్లా," అన్నాడు భాయ్. రోజూ సాయంత్రం ఇద్దరికీ అదే పని. మూడో రోజుకు లోపలి ఎరుపు నల్లబడింది. ఐదో రోజు ఉత్త నీళ్లు కాస్తే తేటగా వచ్చాయి. భాయ్ ఒక గుక్క తాగి కళ్లు మూసుకున్నాడు. నేను ఆయన మొహంలోకి వంగి చూశాను. "తియ్యగుండాయి," అన్నాడు. ఎత్తుకుని గిరగిరా తిప్పాలనిపించింది గానీ, ఆయన ఒళ్లు చూసి కౌగిలించుకుని ఊరుకున్నాను.

శుక్రవారం పొద్దున ఆమె విమానం దిగింది. కంపెనీ బండిలో తీసుకొస్తుంటే దారిలో ఆమె కొండలు చూస్తోంది, నేను ఆమెను చూస్తున్నాను, వెనక బండ్లవాళ్లు హారన్లు కొడుతున్నారు. "ముంగట సూసి నడుపు, సంపేటట్టున్నవ్," అంది. ఎంత హాయిగా ఉందో ఆ తిట్టు! పందొమ్మిదేళ్లుగా ఫోన్లోంచి వచ్చేది, ఇవాళ పక్క సీట్లోంచి వచ్చింది.

ఇంట్లో అడుగు పెట్టగానే ఆమెను కూర్చోబెట్టి కెటిల్ పొయ్యి మీద పెట్టాను. కూర్చుంటే కదా, వచ్చి వంటగది గుమ్మంలో నిలబడింది.

"పెంకేది?"

"అదే," అని చూపించాను.

కెటిల్‌ను చూసింది, నన్ను చూసింది. "దీని మీద అట్లెట్ల పోస్తవయ్యా?"

కాగిన నీళ్లు చాయ్ గిన్నెలోకి ఒంపి, చాయ్‌పత్తా, అల్లం, పాలు, చక్కెర వేసి, మరిగించి, వడకట్టి గ్లాసు చేతికిచ్చాను.

ఒక గుక్క తాగింది. గ్లాసు పక్కన పెట్టలేదు. రెండో గుక్క. మూడోది. పందొమ్మిదేళ్లలో ఇంత దూరం ఎప్పుడూ రాలేదు. గ్లాసు ఖాళీ చేసి, "మంచిగున్నది," అంది. అంతలోనే ముక్కు ఎగబీల్చింది. "గని ఏడనో ఉల్లిగడ్డ వాసనొస్తున్నది."

అంతా కక్కేశాను. సోహార్, కత్తెరలు, ఎస్ సార్, మూడు రోజుల ఉల్లిగడ్డ, తుప్పు, భాయ్ గడ్డం. "నువ్వు చెప్పినట్టే చేసిన," అన్నాను. ఆమె నవ్వడం మొదలుపెట్టింది. కొంగు నోట్లో కుక్కుకుంది, ఆగలేదు. నవ్వి నవ్వి, నేను ఆరు రోజుల కింద ఏడుస్తూ కూర్చున్న చోటే కూలబడింది. నేనూ పక్కన చతికిలబడి కళ్లనీళ్లు కారేదాకా నవ్వాను. అవతల్నుంచి భాయ్ గోడ మీద తట్టాడు. ఆయనా నవ్వుతున్నాడు.

తేరుకుని లేచి కెటిల్ దగ్గరికి వెళ్లింది. "మరి దీన్నెట్ల సూసుకోవాలె?"

ఈసారి సరిగ్గా చెప్పాను. మిగిలిన నీళ్లు వెంటనే ఒంపెయ్యాలి, మూత తీసి పెట్టాలి, దాని వేడికి అదే ఆరిపోతుంది.

"రోజూనా?"

"రోజూ."

గుడ్డతో పిడి పట్టుకుని నీళ్లు ఒంపింది. మూత తీసింది. లోపలి తడి ఆవిరై పోతుంటే వంగి చూస్తూ నిలబడింది. చివరి మచ్చ ఆరేదాకా కదల్లేదు.

"ఈడ కుట్టు మిషన్లు ఏడ దొరుకుతయి?" అంది, కెటిల్ మీంచి చూపు తీయకుండానే.

ఈసారి ప్రతి మాటా విన్నాను. బండి తాళం అందుకుని, ఒక కాలికి నా చెప్పు, ఇంకో కాలికి ఆమె చెప్పు తొడుక్కుని గుమ్మం దాటాను.

"యాడికి? శుక్రవారం దుకాన్లు బందుంటయని నువ్వే చెప్తవు గద," అని లోపల్నుంచి కేకేసింది. "వచ్చి కూసో. ఈపారి చాయ్ నేను పెడత."