సున్నకు రెండు పట్టీలు

మొన్న నంద్యాలలో మా మనవరాలు ఫోను నా ముఖం ముందర పెట్టి, అవ్వా, ఈ అక్షరాలు నేనే గీసినా చూడు అంది. అంగళ్ల బోర్డుల కోసమట. బద్ద పెట్టి, వృత్తలేఖిని తిప్పి కొలిచినట్టుండే లావుపాటి అక్షరాలు, ప్రతి గుండ్రమూ రెండు చోట్ల తెగి ఉంది. ఆ తెగిన చోట్లు చూడంగానే నాకు నవ్వాగలేదు. ఓసి పిచ్చిదానా, వాటికోసం ఒకప్పుడు నేనెంత ఏడ్చినానో నీకేం తెలుసు!

మా పుట్టిల్లు ఆళ్లగడ్డ. మా నాయన విగ్రహాలు చెక్కేవాడు, ఆ పని లేనప్పుడు రాతి పలకల మీద పేర్లు చెక్కేవాడు, మగపిల్లలు లేని ఇల్లు గనుక ఉలి పట్టడం నాకే నేర్పినాడు. నంద్యాలకు కోడలిగా వచ్చినాక ఆ విద్య అటకెక్కింది. అత్తగారింట్లో చేసేది రేకు అచ్చుల పని, మామ పోయినాక మా ఆయనే కోసేవాడు. మన ఈడు వాళ్లకు గుర్తుండే ఉంటుంది, అక్షరాలు కోసిన రేకును గోనెబస్తాకు ఆనించి పైన రంగు పూస్తే మిల్లు పేరు పడేది. కోడలు అంగట్లో కూర్చుంటే ఊరు నవ్వుతుందని మా అత్త నన్ను ఆ గడప తొక్కనిచ్చేది కాదు.

ఒక కోతల కాలంలో మా ఆయన సైకిలు మీంచి పడి, కుడిచెయ్యి విరగ్గొట్టుకొని, పుత్తూరు కట్టుకు పోయినాడు. సరిగ్గా అప్పుడే మిల్లు గుమాస్తా వచ్చి, కొత్త బియ్యానికి ‘బంగారం’ అని పేరు పెట్టినాం, రేపటికల్లా అచ్చు కావాల, లేకుంటే ఇక పనంతా ఇంకోచోట ఇచ్చుకుంటామని చెప్పి పోయినాడు. మాకున్నది ఆ ఒక్క మిల్లే. అత్త ఏమనుకున్నా సరేనని నేనే కొంగు బిగించి, నేను కోస్తానన్నాను.

మధ్యాహ్నానికల్లా చూడముచ్చటగా కోసినాను. తీరా రేకు పైకెత్తితే రెండు సున్నల నడిమి బిళ్లలు, ‘ర’ కడుపులోని బిళ్ల టింగుమని కింద పడినాయి! రాతిలో సున్న చెక్కితే నడిమి భాగం రాయిని అంటుకొనే ఉంటుంది, రేకుకు ఆ ఆసరా యాడిది? శిల్పి కూతురినన్న నా పొగరంతా దిగిపోయింది. ఉన్న రేకు అదొక్కటే. భోరుమన్నాను.

అత్త వచ్చి చూసింది. తిడుతుందనుకున్నాను. వంటింట్లోకి పోయి, శెనిగనూనె డబ్బా వంచి నూనెంతా బిందెలో పోసి, ఖాళీ డబ్బా నా ముందర పెట్టింది.

“ఏందే ఆ ఏడుపు? దీన్ని చీల్చు. సున్నకు పైనొక పట్టీ, కిందొక పట్టీ ఇడిసి కొయ్యి, నడిమిది యాడికీ పోదు. మీ మామ కోస్తాంటే ముప్పై ఏండ్లు చూసినా.”

ఇద్దరం కలిసి సీకాయపొడితో జిడ్డు వదలగొట్టి, రేకును సుత్తితో సాపు చేసినాం. నా ఉలి వెడల్పుది కావడంతో అక్షరాలు కొంచెం మొండిగా, లావుగా వచ్చినాయి గానీ, లారీ మీదున్నా రోడ్డు అవతలికి కనబడేవి. గుమాస్తా తెల్లారి వచ్చి అచ్చు చంకలో పెట్టుకొని పోయినాడు. మా ఆయన కట్టు విప్పించుకొని వచ్చేసరికి అంగట్లో పీట నాదైపోయింది, ఆయనగారు బేరాలు మాట్లాడే పనికి మారినాడు.

ఇప్పుడు బియ్యం సంచుల మీద మిషన్లే రంగురంగుల బొమ్మలు వేస్తాండాయి. మంచిదే, ఎవరి వేళ్లూ తెగవు. మా అత్తకు చదువు వచ్చేది కాదు; అయినా బస్టాండు కాడ బియ్యం లారీ కనబడితే చాలు, పక్కన ఎవరుంటే వాళ్లకు వేలెత్తి చూపి, అవి మా కోడలు కోసిన అక్షరాలని చెప్పేది. నాకు చదువొచ్చు, ఊర్లో బోర్డులన్నీ చదువుతాను గానీ, ఒక్కటీ ఎవరి చేతి పనో చెప్పలేకపోతాండా.