దిష్టి తీసిన మాస్కు

కోవిడ్ వార్డులు ఎత్తేసిన మరుసటి ఏడాది, మిరప కోతల రోజుల్లో, నన్ను అద్దంకి వైపు ఒక ఆసుపత్రి పిల్లల వార్డుకి హెడ్ నర్సుగా వేశారు. మందులు, డ్యూటీలు, స్టాఫ్ నర్సులు, అన్నీ హెడ్ నర్సు పూచీయే. నా గొంతు గేటు దాకా వినిపిస్తుందని పేరు. అబద్ధమేమీ కాదు.

ఆ వార్డుకి మాటిమాటికీ వచ్చేవాడు లోహిత్. రెండేళ్ళవాడు, బుగ్గలు చూస్తే ఎవరికైనా గిల్లాలనిపిస్తుంది. వచ్చినప్పుడల్లా డొక్కలెగరేస్తూ, పిల్లికూతలతో వచ్చేవాడు. డాక్టరుగారు ఆస్తమా అని తేల్చి ఇన్‌హేలర్, స్పేసర్ రాశారు. స్పేసర్ అంటే చివర మాస్కున్న ప్లాస్టిక్ గొట్టం. మందు అందులో నిలుస్తుంది, పిల్లవాడు మామూలుగా ఊపిరి తీస్తూ పీలుస్తాడు. మనవాడు దాన్ని చూస్తే చాలు, వార్డు ఎగిరిపోయేలా ఏడుపు. ఏడిస్తే మందు లోపలికి సరిగా వెళ్ళదు.

ఒకసారి ఆక్సిజన్ పెట్టాల్సి వచ్చింది. ఇలాగే సాగితే ఏదో ఒక రోజు ఆసుపత్రికి చేరేలోపే ఊపిరందదని డాక్టరుగారు తల్లికి చెప్పేశారు. ఆ పిల్ల కొంగు నోట్లో కుక్కుకుంది. లోహిత్ తేరుకున్నాక వాడి నానమ్మ సుబ్బాయమ్మను కూర్చోబెట్టి, ఆయాసానికి ముందు ఇంట్లో ఏం జరుగుతోందని అడిగాను.

“ఎవరో ఒకరొచ్చి బొద్దుగా ఉన్నాడంటారు నర్సమ్మా. ఎండుమిరపకాయలు తిప్పి పొయ్యిలో వేస్తాను. వాడు దగ్గితే దిష్టి వదులుతోందని ఇంకాసిని వేస్తాను.”

నవ్వూ కోపమూ ఒకేసారి వచ్చాయి. కళ్ళం నిండా మిరపకాయలున్న ఇల్లు, ఇంక కొదవేముంది! ఆ ఘాటుకే వీడి ఊపిరి గొట్టాలు బిగుసుకుంటున్నాయని చెప్పాను. ఆవిడ ముఖం మాడ్చుకుంది. దిష్టి మానక్కర్లేదు, పొగ మానండి, ఉప్పు తిప్పి నీళ్ళలో వేసుకోండి అన్నాను. దానికి సరేనంది.

మధ్యాహ్నం మందు వేళకి మళ్ళీ అదే ఏడుపు. సుబ్బాయమ్మ నా చేతిలోంచి స్పేసర్ లాక్కుంది. వాణ్ణి తూర్పు ముఖంగా కూర్చోబెట్టి, “ఇరుగు దిష్టి, పొరుగు దిష్టి” అంటూ వాడి తల చుట్టూ తిప్పింది. వాడు అలవాటుగా బొమ్మలా కూర్చున్నాడు. చివర్లో థూథూ అని ఉమ్మడానికి నోరు కూడా తెరిచాడు. ఆవిడ మాస్కు మూతికి ఆనించింది, నేను ఇన్‌హేలర్ నొక్కాను. వాడు హాయిగా పీల్చేశాడు! వార్డులో తల్లులందరూ చప్పట్లు కొట్టారు. హెడ్ నర్సునన్న సంగతి మరిచిపోయి నేనూ కొట్టాను.

మళ్ళీ కోతలనాటికి లోహిత్ చెకప్‌కి పరిగెత్తుకుంటూ వచ్చాడు. మధ్యలో జలుబుతో పిల్లికూతలు వచ్చినా, స్పేసర్‌తో ఇంట్లోనే సర్దుకున్నాయట. వాడు స్పేసర్ తీసి డాక్టరుగారి తల చుట్టూ తిప్పి, ఉమ్మమన్నాడు. ఆయన బుద్ధిగా ఉమ్మారు.

మాస్కు పట్టే పద్ధతి నాకు శిక్షణలో నేర్పారు. పిల్లవాణ్ణి కూర్చోబెట్టే పద్ధతి వాళ్ళింట్లోనే ఉంటుందని ఈ కేసు నేర్పింది. రిటైరయ్యేదాకా, ఏ తల్లి చేతికైనా స్పేసర్ ఇచ్చే ముందు, మీవాడు దేనికి కదలకుండా కూర్చుంటాడని అడిగేదాన్ని.