ఏటా పెరిగిన పావడా

మొన్న ఆదివారం మా కోడలు బీరువా సర్దుతూ, మా ఆయన చొక్కాలన్నీ మడతపెట్టి, ఒక పెద్ద సంచిలో వేసి వాకిలి పక్కన పెట్టింది. సంవత్సరీకం కూడా అయిపోయింది కదా, ఎవరికైనా ఇచ్చేద్దామని. మంచి పిల్ల, చెడు ఉద్దేశమేమీ లేదు. పోయినవాళ్ళ వస్తువులు కళ్ళెదుట ఉంటే మనసు కుదుటపడదని ఎక్కడో విన్నదట. నేను ఆ సంచి లోపలికి తెచ్చి, చొక్కాలన్నీ మళ్ళీ ఆ అరలోనే పేర్చాను. సాయంత్రం కొడుకు పక్కన కూర్చుని, ఏడాది దాటిందమ్మా అన్నాడు మెల్లగా. దాటితే ఏమిటట? గడువు తీరిపోవడానికి నా దుఃఖమేమైనా బస్సు పాసా? తిరుపతిలో ఈ ఇంటికి పరామర్శకు వచ్చినవాళ్ళంతా ఇదే పాట: మనసు మళ్ళించుకో, భజనకు రా, మరిచిపో. ఇది చదువుతున్న నా ఈడు వాళ్ళు మీరు, మీకూ ఈ మాటలు విని విని విసుగెత్తే ఉంటుంది. మరిచిపొమ్మనే వాళ్ళంటే నాకు చిన్నప్పటి నుంచీ ఒళ్ళు మంట. ఆ మంట మా అమ్మ దగ్గరి నుంచి వచ్చింది.

మాది పలమనేరు పక్కన పల్లె. నాలుగు ఆవులు, కొంచెం టమోటా తోట, చలికాలం పొద్దెక్కినా వదలని మంచు, నాయన, అమ్మ, నాయనను కన్న అవ్వ, అక్క, నేను. అక్కకు తొమ్మిదేళ్ళు, నాకు ఏడేళ్ళు ఉన్నప్పుడు అక్కకు జ్వరం వచ్చింది. చిత్తూరు ఆసుపత్రికి తీసుకుపోయారు, ఐదో రోజు అక్క లేకుండా వచ్చారు. అంతకంటే ఆ సంగతి రాయను, ఇన్నేళ్ళయినా రాయబుద్ధి కాదు. ఇంట్లో అక్క పేరు ఎత్తవద్దని అవ్వ అందరికీ చెప్పింది. అక్క పలక, రిబ్బన్లు, గాజులు ఎవరు తీశారో, ఎక్కడ పెట్టారో నాకు తెలియదు. నాయన పొద్దున్నే తోటకు వెళ్ళి చీకటి పడే వేళకు వచ్చేవాడు. ఫొటో అనేది ఒక్కటీ లేదు. నెల తిరిగేసరికి ఆ ఇంట్లో మొదటి నుంచీ నేనొక్కదాన్నే పుట్టినట్లు అయిపోయింది.

మా వైపు పెద్దల అమావాస్యకు, ఇంట్లో కాలం చేసిన పెద్దలకు కొత్త బట్టలు పెట్టే ఆనవాయితీ మీకు తెలిసిందే. గోడకు పసుపు పూసి, బొట్లు పెట్టి, ఆకులో వడ, పాయసం వడ్డించి, తాతకు పంచె, ముత్తవ్వకు చీర అని పేరుపేరునా పెట్టి, సాంబ్రాణి వేసి, మొక్కుకున్న తర్వాత ఆ బట్టలు ఇంట్లోవాళ్ళే కట్టుకుంటారు. ఆ ఏడు అమావాస్య నాడు పంచె పక్కన, చీర పక్కన, అమ్మ ఒక చిన్న ఎర్ర పావడా, రవికె తెచ్చి పెట్టింది. కొసలకు పసుపు కూడా రాసింది. తన చేతి మిషను మీద తనే కుట్టింది, ఎప్పుడు కుట్టిందో మేమెవరమూ చూడలేదు. అవ్వ గుండెలు బాదుకుంది. చిన్నబిడ్డకు పెద్దల వరసలో పెట్టకూడదే, పెడితే అది తిరిగొస్తాది అని కేకలు వేసింది. అమ్మ సాంబ్రాణి ఊదుతూ తల ఎత్తకుండా అన్నది: "వస్తే రానీ అత్తా. నేనేమన్నా వద్దంటినా?"

అంతవరకు అమ్మ అవ్వకు ఎదురు చెప్పగా నేను వినలేదు. నాయన ఏమంటాడోనని చూశాను. ఆయన వంగి ఆ పావడా అంచు సర్ది, నిటారుగా పరిచి, చేతులు జోడించాడు. అవ్వ ఆ పూట అన్నం తినలేదు, మా అమ్మ ఆకు వేసుకుని కడుపునిండా తిన్నది.

మరుసటి ఏడు పెట్టిన పావడా నాలుగు వేళ్ళు పొడవు పెరిగింది. అదేమిటని నేనే అడిగాను. పోయిన ఏటి పావడా ఈ ఏటికి సరిపోతాదా, అది పెరగదా అన్నది అమ్మ, ఏదో మామూలు సంగతి చెప్పినట్లు. అక్కతో బడిలో ఒకే పలక పంచుకున్న పిల్ల ఒకతె మా వీధిలోనే ఉండేది, ఇద్దరిదీ ఒకే ఈడు, ఒకే ఎత్తు. ఏటా అమావాస్య ముందు అమ్మ ఆ పిల్లకు బెల్లం ముక్క చేతిలో పెట్టి, ద్వారబంధం దగ్గర నిలబెట్టి, ఒక నూలు తాడుతో కొలిచి ముడులు వేసుకునేది. అలా మూడేళ్ళు సాగింది. నాలుగో ఏడు ఆ పిల్ల తల్లి వచ్చి, బతికిన నా బిడ్డతో చచ్చిన బిడ్డకు కొలతలు తీస్తావా అని వీధంతా వినబడేటట్లు తిట్టి, పిల్లను రెక్క పట్టుకుని లాక్కుపోయింది. ఆమె భయం ఆమెది, ఇప్పుడు తలచుకుంటే ఆమెను తప్పుపట్టలేను. కానీ అమ్మ మానుకుందా? బడి వదిలే వేళకు పాల క్యాను పట్టుకుని ఆ దారిలోనే నిలబడేది. ఆ పిల్ల నడిచిపోతుంటే కంటితోనే కొలిచి, ఇంటికొచ్చి తాడుకు ముడి వేసేది.

ఇక నా సంగతి. ఆ బట్టలు కట్టుకోవలసింది నేను. ఇంట్లో ఆ ఈడు ఆడపిల్లను నేనే కదా. నాకు పెట్టే కొత్త బట్టలు నాకు ఉండేవి, అక్కవి దానిపైన. బడిలో తోటిపిల్లలు అసూయపడేవాళ్ళు, నాకు మాత్రం లోపల దిగులు. అక్క పావడా కట్టుకుని నేను వాకిట్లోకి వస్తే అమ్మ చూసేది ఎవరిని? నన్నా, దాన్నా? నేను చచ్చిపోయి అది బతికి ఉంటే బాగుండునని అమ్మకు ఉందేమో. ఈ మాట ఏడేళ్ళపాటు ఎవరికీ చెప్పలేదు, ఇప్పుడు మీకే చెబుతున్నాను.

నాకు పద్నాలుగు నిండిన ఏడు అమ్మ అక్కకు ఓణీ పెట్టింది. నీలం రంగు, జరీ అంచు. అక్కకు పదహారు వచ్చి ఉండేవి. మొక్కులయ్యాక దాన్ని నా చేతికిస్తే మంచం మీదికి విసిరికొట్టాను. చచ్చినదాని బట్టలు నాకొద్దు, నేను బతికే ఉండాను, నీకు కనబడలేదా అని అరిచాను. అవ్వ నోరు తెరిచింది, నాయన లేచి నిలబడ్డాడు. అమ్మ తిట్టలేదు, కొట్టలేదు. రేకుపెట్టె తెరిచి అడుగు నుంచి రెండు తాళ్ళు తీసి నా ఒళ్ళో వేసింది. ఒకటి తెల్లగానే ఉంది, ఏటికొక్కసారి ముట్టుకున్నది. రెండోది చేతి జిడ్డుతో నల్లబడి, ముడుల మీద ముడులు పడి ఉంది. తెల్లది అక్కది, నల్లది నాది. ఏటా అక్క కొలతకు కుట్టి పెట్టినదాన్ని, మొక్కులయ్యాక కుట్లు విప్పి, అంచు మడిచి, నడుము తగ్గించి నా కొలతకు మళ్ళీ కుట్టేది. అందుకే అక్క బట్టలేవీ నాకు ఒక్కనాడూ వదులు కాలేదు. నేనేనాడూ గమనించలేదు.

"ఇది దానిది, ఇది నీది. నేనెప్పుడన్నా కలిపినానా?" అన్నది. ఆ తర్వాత ఏడ్చింది. అక్క పోయినాక అమ్మ ఏడవడం నేను చూసింది ఆ రోజే, నేనూ ఏడ్చాను. మర్నాడు ఆ నీలం ఓణీ వేసుకునే బడికి వెళ్ళాను. అక్కకు ఇరవై దాటాక, ఇంక ఎదగదులే అని అమ్మ కొలవడం మానేసి చీర పెట్టసాగింది. అమ్మ పోయినప్పటి నుంచీ అమ్మకొకటి, అక్కకొకటి నేను పెడుతున్నాను.

ఈ ఏడు మా ఆయనకు కూడా పెట్టాలి. సంవత్సరీకం కాకుండా పెద్దల్లో కలపరు కదా, ఆయనకు ఇదే మొదటి అమావాస్య. రెడీమేడు తెప్పిస్తానమ్మా అన్నాడు కొడుకు, ఫోనులో కొలతకు బదులు ఒక అక్షరం నొక్కితే చొక్కా ఇంటికే వస్తుందట. ఆయన ఫొటోలు అదే ఫోనులో వందలున్నాయి. మా అమ్మ దగ్గర అక్క ఫొటో ఒక్కటీ లేదు, అయినా అక్క పదహారేళ్ళకు ఎంత ఎత్తు ఉండేదో ఆమె చేతికి తెలుసు. ఇప్పటివాళ్ళకు ప్రేమ తక్కువని నేననను. మనిషిని చేతితో కొలిచి గుర్తుపెట్టుకునే అలవాటు మాత్రం పోయింది, పోయినవాళ్ళను గుర్తుపెట్టుకునేవాళ్ళకు ధైర్యం చెప్పేవాళ్ళూ తగ్గిపోయారు.

నిన్న గుడ్డ తీసుకుని, ఆయన చొక్కాలు ముప్పై ఏళ్ళు కుట్టిన దర్జీ దగ్గరికి నేనే వెళ్ళాను. అతను పాత నోటు పుస్తకం తిరగేసి, రెండు కొలతలుండాయమ్మా, పాతదొకటి, పోయేముందు ఆసుపత్రికని తీసుకున్నదొకటి, ఏది వేసేది అని అడిగాడు. రెండోది చూశాను. భుజాలు రెండంగుళాలు తగ్గిపోయి ఉన్నాయి.

"అది జబ్బు కొలతప్పా, మా ఆయన కొలత కాదు. మొదటిది వెయ్" అన్నాను.

మా అబ్బాయిది సన్నటి ఒళ్ళు, వాడికి ఆ చొక్కా వదులవుతుంది. అయితే కానీ. విప్పి వాడి కొలతకు మళ్ళీ కుట్టడం నాకు వచ్చు.