క్యాండీ రైల్లో గుడివాడ కర్చీఫ్

ఆ రోజుల్లో గుడివాడ బస్టాండులో డిగ్రీ కన్నా ముందు సంపాదించుకోవాల్సిన విద్య ఒకటుండేది. బస్సు ఇంకా పూర్తిగా ఆగకముందే కిటికీలోంచి కర్చీఫ్ విసిరి, అది సరిగ్గా మనం అనుకున్న సీటు మీద పడేలా చూడటం. పడిందా, ఇక ఆ సీటు మనదే. తోసుకుంటూ ఎక్కినవాళ్లు దాన్ని చూసి గొణుక్కుంటూ పక్కకి తప్పుకుంటారే తప్ప తీసి అవతల పారేయరు. ఎవరు రాశారో తెలియదు గానీ ఆ చట్టాన్ని మీరినవాళ్లని నేను చూడలేదు. (ఒకాయన మాత్రం నా కర్చీఫ్‌తో మొహం తుడుచుకుని మళ్లీ నా చేతికే ఇచ్చాడు. ఆయన్ని లెక్కలోకి తీసుకోను.) రోజూ గుడివాడ నుంచి బందరు కాలేజీకి వెళ్లొచ్చే నేను ఇందులో ఎంతగా ఆరితేరానంటే, బస్టాండులో పిన్నిగార్లు "అమ్మాయ్, మాక్కూడా ఒకటి వేసిపెట్టమ్మా" అంటూ తమ కర్చీఫులూ, గొడుగులూ, ఒకావిడైతే కందిపప్పు పొట్లమూ నా చేతికిచ్చేవారు. ఒక్కటీ గురి తప్పేది కాదు. కాలేజీలో నన్ను లీడర్ అనేవాళ్లు. ఆ పేరు నేనే పెట్టుకున్నానని కిట్టనివాళ్లు అంటారు.

కాలేజీలో మేం నలుగురం ఒక జట్టు. బందరు కోర్టులో గుమాస్తాగా చేసే తండ్రి పెంపకంలో ప్రతిదానికీ ముందుజాగ్రత్త పడే అమ్మాయిని టైమ్‌టేబుల్ అని పిలిచేవాళ్లం. ముదినేపల్లి నుంచి వచ్చే ఇంకో అమ్మాయి వాళ్ల చర్చిలో పాటలు పాడేది. పరీక్ష పాసైనా, క్యాంటీన్లో పునుగులు వేడిగా దొరికినా "స్తోత్రం" అనేది కాబట్టి ఆమె పేరు అదే అయిపోయింది. నాలుగో అమ్మాయిది దివిసీమలో కోడూరు, అందుకని దివి. వాళ్ల నాన్నకి రొయ్యల చెరువులు. దివికి నోట్లో నాలుక లేదు. కోడూరు నుంచి అవనిగడ్డ వచ్చి బస్సు మారేది, ఆ బస్సేమో అప్పటికే కిక్కిరిసి వచ్చేది. కాస్త సర్దుకోండి అని అడగడానికి కూడా మొహమాటం. అలా ఆ పిల్ల డిగ్రీ మొత్తం బస్సులో నిలబడే పూర్తిచేసింది. (నేనేమైనా సాయం చేద్దామంటే నా అధికార పరిధి గుడివాడ రూటు వరకే.)

నలుగురికీ ఉద్యోగాలొచ్చాక, పెళ్లిళ్లయి తలో దిక్కూ వెళ్లకముందే ఒక్కసారి విదేశం చూసిరావాలని తీర్మానించాం. తీర్మానించింది నేను, ఒప్పుకున్నది వాళ్లు. ఎక్కువ దూరం ఎందుకని శ్రీలంక అనుకున్నాం. క్యాండీ నుంచి తేయాకు తోటల మీదుగా కొండలెక్కే రైలు ఒకటుందనీ, కిటికీ పక్కన కూర్చుంటే మబ్బులు మొహానికి తగులుతాయనీ చదివి దాన్నే ముఖ్యం చేసుకున్నాం. బయల్దేరే ముందు ఎవరికేం కావాలో చెప్పమన్నాను. ఎప్పుడూ "మీ ఇష్టమే" అనే దివి ఆ రోజు నోరు తెరిచింది. "నాకు ఆ రైల్లో కిటికీ పక్క సీటు కావాలే. మొదట్నుంచి చివరిదాకా కూర్చునే వెళ్లాలి. మధ్యలో ఎవరూ లేవమనకూడదు." మా స్నేహంలో ఆ పిల్ల నన్ను నోరు తెరిచి అడిగిన మొదటి కోరిక అది. "నీ సీటు నా బాధ్యత" అని మాటిచ్చేశాను.

కొలంబోలో దిగాం. సముద్రం చూసి స్తోత్రం "అచ్చం మంగినపూడి బీచే కదే, దీనికి విమానం ఎందుకు?" అంది. ఏనుగుల్ని చూశాం, గుడులు చూశాం. కొండరైలుకి రిజర్వేషన్ సీట్లు ఎప్పుడో అయిపోయాయని, ఇక మామూలు పెట్టెలోనే ఎక్కాలని క్యాండీలో తెలిసింది. టైమ్‌టేబుల్ మొహం పాలిపోయింది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. మామూలు పెట్టె అంటే తెరిచిన కిటికీలు, తోపులాట, నంబర్లేని సీట్లు. అంటే గుడివాడే కదా.

మర్నాడు పొద్దున ప్లాట్‌ఫారం నిండా జనం. తెల్లవాళ్లు మూపున కొండంత బ్యాగులతో బుద్ధిగా నిలబడి ఉన్నారు. వాళ్లని చూస్తే నాకు జాలేసింది. రైలు లోపలికి వస్తూండగానే నేను దాంతో పాటు నాలుగడుగులు నడిచి, ఎదురెదురు సీట్లు ఖాళీగా ఉన్న కిటికీ చూసుకుని మొదట నా కర్చీఫ్, తర్వాత స్తోత్రం టోపీ, ఆ పైన టైమ్‌టేబుల్ చున్నీ వేశాను. కిటికీ పక్క సీటు, అంటే దివి సీటు, ఇంకా మిగిలి ఉంది. చేతిలో నా హ్యాండుబ్యాగు తప్ప మరేమీ లేదు. దాన్నే వేశాను. అది తీరిగ్గా వెళ్లి సీటు మధ్యలో, ఇంటి యజమానిలా కూర్చుంది.

ఇక్కడ మీకు గుడివాడ పద్ధతి ఇంకొంచెం చెప్పాలి. కర్చీఫ్ పడ్డాక తోసుకుని ఎక్కడం నామోషీ. సీటు ఎలాగూ మనదే కాబట్టి నింపాదిగా వెళ్లి టీ తాగి, డ్రైవరు కూడా టీ తాగాక ఆయన వెనకే వచ్చి ఎక్కాలి. అప్పుడే విద్యకి గౌరవం. అందుకని "రండే, టీ తాగి వద్దాం" అన్నాను. టైమ్‌టేబుల్ "ఎక్కి కూర్చుందామే" అని నసిగింది. "భయపడకు, నేను లేనా" అన్నాను. టీ కొట్టులో వడ మీద రొయ్యని గుచ్చి వేయించినవి అమ్ముతున్నారు. రొయ్య కనిపిస్తే దివిసీమవాళ్లు కదలరు. దివి ఒకటి కొరికి, "చెరువు రొయ్య కాదే ఇది, సముద్రం రొయ్య" అని తేల్చింది. మేం ముగ్గురం కూడా నిర్ధారించుకోవడానికి తలా ఒకటి తిన్నాం. సరిగ్గా అప్పుడు ఈల వినిపించింది. రైలు డ్రైవరు టీకి దిగడన్న సంగతి నాకు అప్పుడు తట్టింది.

పరుగెత్తాం. తలుపుల దగ్గర తెల్లవాళ్ల బ్యాగులు గోడ కట్టినట్టున్నాయి. మా పెట్టె మా ముందు నుంచే సాగిపోయింది, కిటికీలోంచి టైమ్‌టేబుల్ చున్నీ కొస ఎగురుతూ కనిపించింది కూడా. "పోన్లే, చున్నీయేగా" అంది స్తోత్రం. టైమ్‌టేబుల్ నావైపు తిరిగి చాలా నెమ్మదిగా అడిగింది. "లీడరూ, పాస్‌పోర్టులు ఎక్కడున్నాయి?"

లీడర్ని కదా, నలుగురివీ నా దగ్గరే ఉండాలని మొదటి రోజే పట్టుబట్టి తీసుకున్నాను. అవన్నీ దివి సీటు పట్టుకుని కొండెక్కుతున్నాయి. స్తోత్రం కళ్లు మూసుకుని పెదాలు కదిలించడం మొదలుపెట్టింది. దివి చేతిలో సగం తిన్న వడ వైపు చూస్తూ నిలబడింది. నన్ను తిట్టినా బాగుండేది. పాస్‌పోర్టులు లేకుండా ఇంటికెలా వెళ్తామన్న భయం ఒకవైపు, ఈ పిల్ల అడిగిన ఒక్క సీటూ రైలెక్కి వెళ్లిపోయిందన్న బాధ ఒకవైపు. అయినా లీడరు మొహంలో భయం కనిపించకూడదు కాబట్టి గబగబా స్టేషన్ మాస్టారు గదికి నడిచాను.

ఆయన అంతా విని, "సీట్లో పెట్టి బయటికొచ్చారా? ఎందుకు?" అన్నాడు. గుడివాడ పద్ధతిని ఇంగ్లీషులో వివరించే ప్రయత్నం చేశాను. ఆయన చేత్తో చాలు అని సైగ చేసి ముందు స్టేషనుకి ఫోన్ చేశాడు. కాసేపటికి తిరుగు ఫోనొచ్చింది. విని వింతగా నావైపు చూశాడు. "బ్యాగు ఉందట. కానీ ఎవరో ఒకావిడ దాన్ని మా గార్డుకి ఇవ్వనంటోందట. మనుషులొస్తారు, వాళ్లకే ఇస్తానంటోందట. బండి గంపొలలో ఎదురుబండి కోసం ఆగుతుంది. ఆటోలో వెళితే అందుకోవచ్చు."

ఆటోలో మలుపు తిరిగినప్పుడల్లా ఒకరి మీద ఒకరం పడుతూ గంపొల చేరేసరికి రైలు ఇంకా అక్కడే ఉంది. ఈసారి పద్ధతులేవీ పాటించలేదు. బ్యాగుల గోడల్ని తోసుకుని, "ఎక్స్‌క్యూజ్ మీ" అని అరుస్తూ లోపలికి దూరాం. పెట్టెలో కాలు పెట్టే చోటు లేదు. జనం ఒకరి భుజం మీద ఒకరు తల ఆన్చి నిలబడి ఉన్నారు. వాళ్ల మధ్యలో నాలుగు సీట్లు ఖాళీ. కర్చీఫ్, టోపీ, చున్నీ, బ్యాగు అన్నీ నేను ఎలా వేశానో అలాగే ఉన్నాయి. వాటి ముందు మా అమ్మమ్మ వయసున్న ఒకావిడ చేతిలో కూరగాయల సంచితో అడ్డంగా నిలబడి, వెనక వేలాడుతున్న పొడుగాటి తెల్లబ్బాయికి వేలు చూపించి ఏదో గట్టిగా చెబుతోంది.

మమ్మల్ని చూడగానే బ్యాగు తీసి, లోపలి పాస్‌పోర్టులు తెరిచి ఒక్కో ఫొటోనీ ఒక్కో మొహంతో పోల్చుకుంది. నా దగ్గర మాత్రం కాస్త అనుమానించింది. తర్వాత వచ్చీరాని ఇంగ్లీషులో, "అందరికీ చెప్పాను, మనుషులొస్తున్నారని. ఎవరూ కూర్చోలేదు" అంది. కర్చీఫ్ చట్టం సముద్రం దాటి కూడా చెల్లిందని నా ఛాతీ ఉప్పొంగింది. ఆ ఉప్పొంగడంలో నాకు కనపడనిది దివికి కనపడింది.

"ఏమే, ఈవిడ కూడా కూర్చోలేదే" అంది నా చెవిలో.

నాలుగు ఖాళీ సీట్లు ఎదురుగా పెట్టుకుని, ఆ వయసులో, ఆ సంచితో, ముక్కూ మొహం తెలియని మా కోసం ఆవిడ క్యాండీ నుంచీ నిలబడే ఉంది. నేను థాంక్స్ అనేలోపే దివి ఆవిడ చేతిలో సంచి తీసుకుని, భుజం పట్టి కిటికీ పక్కన కూర్చోబెట్టింది. ఆవిడ వద్దు వద్దంటూనే కూలబడి, రెండు మలుపులు తిరిగేసరికి నోరు తెరిచి నిద్రపోయింది. తల కిటికీకి అడ్డం. తేయాకు తోటలూ, జలపాతాలూ, మొహానికి తగలాల్సిన మబ్బులూ అన్నీ ఆవిడ ముడి వెనక నుంచే వెళ్లిపోయాయి. మేం ముగ్గురం సర్దుకుని చోటిస్తామన్నా దివి రాలేదు. పై కడ్డీ పట్టుకుని, అవనిగడ్డ బస్సులో నిలబడినట్టే నిలబడింది.

నాకు ఉండబట్టలేదు. "నీకు సీటు ఇప్పిస్తానని మాటిచ్చానే. ఒక్కటి అడిగావు, అదీ లేకుండా పోయింది" అన్నాను.

"ఎందుకు లేదే? వచ్చింది కదా. ఇన్నేళ్లు బస్సులో పెద్దవాళ్లు నిలబడితే నేను కూడా పక్కనే నిలబడి చూశాను. లేచి ఇవ్వాలంటే ముందు నాకొకటి ఉండాలి కదా. ఇవాళ ఉంది, ఇచ్చాను" అంది దివి. అని, ఎవరో బహుమతి ఇచ్చినట్టు నవ్వింది.

ఇప్పుడు నా సీటు ఫోన్లోనే దొరికేస్తుంది, దానిమీద నా పేరూ నంబరూ ఉంటాయి. అయినా బస్సులో ఎవరైనా పెద్దవాళ్లు నిలబడి ఉంటే లేచి కూర్చోమంటాను. వాళ్లు కూర్చుంటూ చల్లగా ఉండమ్మా అంటే, ఆ సీటేదో గుడివాడ బస్టాండులో గురిచూసి కొట్టి సంపాదించినట్టు కాస్త గర్వంగా కడ్డీ పట్టుకుని నిలబడతాను. మోకాళ్లు నొప్పెడతాయి. దివి ఎందుకు నవ్విందో మాత్రం అప్పుడు తెలుస్తుంది.