మంజూరైన గుట్ట

నాకు అక్షరాలు యాభై ఏళ్లు దాటినాక వచ్చాయి. మనవరాలి పలక మీద, అది విసుక్కుంటుంటే నేర్చుకున్నాను. మొదట దేవుడి పేరు రాద్దామా అవ్వా అని అడిగింది. దేవుడి సంగతి తర్వాత చూద్దాం, ముందు నేను చెప్పే రెండు మాటలు రాయి అన్నాను. మంజూరు. మహసూరా. పైన ఒకటి, కింద ఒకటి రాసింది. చాలాసేపు చూశాను. మొదటి అక్షరం ఒకటే. చివరిది ఇంచుమించు ఒకటే. నడుమనే తేడా. ఆ నడుమలోనే ఒకప్పుడు నా ఎడ్లు ఇరుక్కున్నాయి.

మంజూరంటే సర్కారు ఇచ్చిందని. అది ఊళ్లో అందరికీ తెలిసిన మాట. మహసూరా అనేది జంగ్లాత్ వాళ్ల మాట, అంటే అడవి కావలి సర్కారు వాళ్లది. అడవికి హద్దు కట్టి మూసేస్తే దాన్ని మహసూరా అంటారు. లోపల గొడ్డు మేయకూడదు, గొడ్డలి పడకూడదు, జింక మీద చెయ్యి వేయకూడదు. ఈ రెండో మాటను మా ఊళ్లో అంతకుముందు ఎవరూ విని ఉండలేదు.

మా ఊరి నుంచి పొద్దున బయలుదేరితే ఎండెక్కేలోపు తెలకపల్లి చేరుతాం. మా ఊరి వెనక పొడుగాటి గుట్ట. అప్పుడది బోడిగుండు. పొయ్యిలోకి పుల్ల, నాగలికి కర్ర, పందిరికి గుంజ, అన్నీ దానిమీద నుంచే తెచ్చుకుని మేమే గొరిగేశాం. ఇంకొకరిని అనే పని లేదు. వాన పడితే ఎర్రమన్ను కొట్టుకొచ్చి కుంట పూడిపోయేది. జింకలు కనబడటం మానేశాయి. అడవిపందులు మాత్రం ఎక్కడికీ పోలేదు. మా చేలనే అడవి చేసుకున్నాయి.

నిజాం సర్కారు నాటి మాట ఇది. దూరాన పెద్ద లడాయి నడుస్తోందని చెప్పుకునేవాళ్లు. నా పెళ్లయి అప్పటికి రెండు మూడేళ్లు. మొగుడు రాయచూరు దిక్కు మన్ను పనికి పోయాడు. ఇంట్లో నేను, మా అత్త, రెండు ఎడ్లు. దున్నేది కౌలు చేను. ఆ భూమి ఆసామి వనపర్తిలో ఉండేవాడు. మృగశిర కార్తెలో నాగలి కట్టనివాళ్ల చేతిలోంచి చేను తీసి ఇంకొకరికి ఇచ్చేసేవాడు. ఎడ్లుంటే చేను, చేనుంటే గింజలు. ఎడ్లు లేకపోతే మేము కూడా మూట కట్టుకుని మన్ను పనికి పోవాల్సిందే.

ఆ ఎండాకాలం మొదట్లో జంగ్లాత్ సాబు గుర్రం మీద వచ్చాడు. చావడి దగ్గర పటేలుతో తురకంలో, అంటే ఉర్దూలో, మాట్లాడి పోయాడు. పటేలు సుంకరిని పిలిచి ఊళ్లో చాటమన్నాడు. డప్పు కొట్టి కబురు చాటేది సుంకరి. నాకు వరసకు మామ. సాబు చెప్పింది ఏమంటే, గుట్టను మహసూరా చేయడానికి సర్కారు డబ్బు మంజూరు చేసిందని. ఆ మాట పటేలు చెవి దాటి, మామ చెవి దాటి, డప్పు మీదికి వచ్చేసరికి ఇట్లా అయింది:

"ఇనుండ్రహో! మన గుట్ట మంజూరైందహో! సర్కారు పైసలిస్తదహో! గుట్ట సుట్టు కందకం తవ్వాలె, కూలికి రావాలెనహో!"

ఊరంతా వాకిళ్లలోకి వచ్చింది.

"గుట్ట మనకే ఇచ్చిండ్రంటనా?"

"గట్లనే గద చాటిండు. ఇగ గొడ్లు మేపినందుకు పుల్లరి గిట్ల కట్టేదుండదు."

"మరి కందకమెందుకే?"

"పందులు చేలల్ల దిగకుండ. గింత తెల్వదా నీకు?"

మా అత్త అరుగు మీద కూర్చుని వక్క కొరుకుతోంది. "మనమీద సర్కారుకు గింత ప్రేమ, గింత పావురం ఎప్పటిసంది?" అంది. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను.

తవ్వాం. గుట్ట చుట్టూ ఆడా మగా వంగి, పండుగకు ఇల్లు అలికినంత సంబరంగా తవ్వాం. కూలి సరిగ్గా ఇచ్చారు, ఆ మాట దాచను. తీసిన మన్నును గుట్ట దిక్కు గట్టుగా పోయమన్నారు. లోపల అక్కడక్కడ మొక్కలు నాటి ముళ్లకంప కప్పారు. ఒకనాడు అత్త అన్నం తెచ్చి ఆ గట్టును చూసి, "పందులనాపే గట్టు ఇటు దిక్కుండాలె గద, అటు పోస్తరేందే?" అంది. కూలి వస్తోంది కదా, నీకెందుకమ్మా అన్నారు పక్కవాళ్లు.

కందకంలో ఒక్కచోట దారి విడిచిపెట్టారు. ఎండలు ముదిరాయి. చేలల్లో గడ్డిపోచ లేదు, ఇంట్లో చొప్ప అడుగంటింది. గుట్ట మంజూరైందన్నారు కదా అని పొద్దున్నే ఎడ్లను ఆ దారిన లోపలికి తోలాను. ఇంకో ఇద్దరు ముగ్గురు మేకలను తోలారు. ఎండిన బోద గడ్డే అయినా ఎడ్లు తల ఎత్తకుండా మేస్తున్నాయి. అంతలో ఖాకీ బట్టల జంగ్లాత్ జవాన్లు ఇద్దరు కర్రలు పట్టుకుని వచ్చారు. మేకలు చెదిరి కందకం దూకి ఇళ్లకు ఉరికాయి. ఎడ్లకు ఉరకడం రాదు. నిలబడి చూశాయి.

"ఓ అన్నా, గుట్ట మంజూరైంది గద!" అని అరిచాను.

"క్యా మంజూర్? మహ్సూరా హై!" అన్నాడొకడు.

ఆ మాట వినడం అదే మొదటిసారి. మంజూరునే తురకంలో అట్లా అంటారేమో అనుకుని, "ఆఁ, గదే, గదే!" అన్నాను. వాడు నన్ను పిచ్చిదాన్ని చూసినట్టు చూశాడు. ఎడ్లను తోలుకుపోయి తెలకపల్లి బందెలదొడ్డిలో కట్టేశారు. వెనక ఉరికాను. దొడ్డి కాపలావాడు తెలుగువాడే. వాడు చెప్పాడు: "జుర్మానా కట్టి ఇడిపించుకుందమనుకుంటున్నవేమో, గది లేదమ్మా. మూసిన జంగల్ల దొరికినయ్. అంగడి నాడు హర్రాజు, పాట పెట్టి అమ్ముతరు. మొదటిసారే గట్టిగ పట్టాలెనంటుండు సాబు."

అంగడి అయిన వెంటనే మృగశిర. హర్రాజులో ఎడ్లు పోతే చేను పోయినట్టే.

నేరుగా మామ ఇంటికి పోయాను. ఆయన డప్పును మంట దగ్గర కాస్తున్నాడు. నన్ను చూడగానే ముఖం దించుకున్నాడు. కబురు అప్పటికే చేరినట్టుంది.

"ఏంది మామా, ఆనాడు ఏమని చాటినవ్?"

"పటేలు చెప్పిందే చాటిన."

"మంజూరైందన్నవ్. మూసిండ్రనలే. గదే మాట సాబు ముంగట చెప్పు. నువ్వు చెప్తే నా ఎడ్లు ఇడుస్తరు."

"చెప్తే పటేలు నన్నుంచుతడా? ఆయన సరిగ్గనే చెప్పిండు, నేనూ సరిగ్గనే చాటిన అని సాబుకు అప్పుడే ఒప్పజెప్పిండంట. ఇప్పుడు నేను పోయి కాదంటే డప్పు గుంజుకుంటడు. మా తాతల కాడికెల్లి ఉన్న డప్పు బిడ్డా."

"నీకు డప్పు పోతదని భయం. నాకు చేను పోతది."

"నీ మొగుడు సంపాదిస్తుండు. నాకేముంది?"

"నా మొగుడు మన్ను మోస్తుండు మామా. సంపాదిస్తలేడు."

డప్పు తిప్పి మళ్లీ మంటకు పట్టాడు. ఆయన భార్య లోపలి నుంచి, "ఇంటి ముందర లొల్లి పెట్టకు కోడలా, పో" అంది. పోయాను. ఇంటికి పోతే అత్త ఎడ్ల తాళ్లు ముందేసుకుని కూర్చుంది. వాటిని చుట్టి దూలానికి తగిలించమంటే తగిలించలేదు. "తగిలిస్తే రావు" అంది.

అంగడి నాడు ఇద్దరమూ తెలకపల్లి పోయాం. దొడ్డి లోపల ఎడ్ల పక్కటెముకలు బయటపడ్డాయి. నన్ను చూసి పెద్దది అంబా అంది. అత్త ముఖం తిప్పుకుంది. జంగ్లాత్ సాబు కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. పక్కన మా పటేలు. హర్రాజు పాడేందుకు వచ్చిన బేరగాళ్లు అప్పుడే ఎడ్ల పళ్లు చూస్తున్నారు. సాబు పిలిపించాడో, పటేలు వెంటబెట్టుకొచ్చాడో, మామ కూడా డప్పు భుజాన వేసుకుని దూరంగా నిలబడ్డాడు. సాబుకు తెలుగు కొంచెం కొంచెం వచ్చు.

నేను పోయి ముందర నిలబడ్డాను. "సాబ్, మాకు తెల్వదు. గుట్ట మంజూరైందని చాటిండ్రు. అందుకే పోయిన."

పటేలు లేచాడు. "ఝూట్ సాబ్! మీరు చెప్పిన మాటనే చాటిచ్చిన. ఏమిరా, అవునా కాదా?"

మామ నేలచూపు చూస్తూ, "అవు పటేలా" అన్నాడు.

సాబు చెయ్యి ఊపాడు, ఇక హర్రాజు మొదలుపెట్టమన్నట్టు. బేరగాడొకడు పెద్ద ఎద్దు ముకుతాడు పట్టుకున్నాడు. నాకు ఏం తోచిందో చెప్పలేను. మామను ఎరుగుదును, అంతే. ఆయన ఇంట్లో మాటకు పది అబద్ధాలు ఆడతాడు గానీ, డప్పు మీద దెబ్బ పడితే నోరు దాని వెనకే పోతుంది. ఒకసారి చాటిన చాటింపును మళ్లీ అడిగితే అక్షరం తప్పకుండా అదే వస్తుంది.

"సాబ్, అడిగితే భయపడ్తుండు. డప్పు కొట్టి చాటమనుండ్రి. ఆనాడెట్ల చాటిండో గట్లనే!"

పటేలు అడ్డం పడ్డాడు. సాబు ఆయన్ను ఆపి, మామ దిక్కు వేలు చూపి, "బజావ్" అన్నాడు.

మామ డప్పు ముందుకు లాక్కున్నాడు. మహసూరా అనే చాటాలని అనుకున్నాడని నాకు తెలుసు, ఆ మాటను పెదవులతో కూడబలుక్కుంటున్నాడు. పుల్ల పడింది. ఇంకొకటి పడింది. అంగడి జనం తిరిగి చూశారు.

"ఇనుండ్రహో! మన గుట్ట..." ఒక్క క్షణం ఆగాడు. డప్పు ఆగలేదు. "...మంజూరైందహో! సర్కారు పైసలిస్తదహో!"

దొడ్డి చుట్టూ నవ్వులు. సాబు నవ్వలేదు. "మహ్సూరా. బోలో" అన్నాడు.

"మంజూరా" అన్నాడు మామ.

"మహ్... సూరా."

"మన్... జూరా, సాబ్." చెమటలు కారుతున్నాయి ఆయనకు.

పటేలుకు పట్టరాని కోపం వచ్చింది. "గాడిదకు నోరు తిరగదు సాబ్! నేను సాఫ్ చెప్పిన. మహసూలు అని సాఫ్ చెప్పిన!"

మహసూలు అంటే పన్ను. సాబు రెండు క్షణాలు పటేలును చూసి, తలపాగా ఊడేలా నవ్వాడు. "పటేల్, తుమ్కు హర్ చీజ్ మే మహసూల్!" అన్నాడు. ప్రతిదాంట్లోనూ నీకు పన్నే కనబడుతుందని. జనం ఇంకా గట్టిగా నవ్వారు. పటేలు ముఖం కందగడ్డ అయింది.

ఆ నవ్వులోనే నా ఎడ్లు విడుదలయ్యాయి. చాటింపు సరిగ్గా జరగలేదు, మళ్లీ చాటినాక దొరికితే మాత్రం విడిచేది లేదన్నాడు సాబు. అత్త తాళ్లు చంకలోనే పెట్టుకుని వచ్చింది. తానే కట్టి బయటికి నడిపించింది.

ఊరి దారిలో మామ మా వెనకే నడిచాడు. చివరికి, "నీ ఎడ్లు నీకొచ్చినయ్" అన్నాడు. అంతే. పటేలు ఊరు చేరకముందే పక్క ఊరి సుంకరికి కబురు పంపాడు. కొత్త చాటింపు ఆ మనిషి వచ్చి చాటాడు: గుట్ట మూసిండ్రహో, అని. తెలుగులో, సాఫ్‌గా. మొదటే అట్లా చెబితే ఏం పోయిందో నాకు ఇప్పటికీ తెలియదు.

మృగశిరలో దున్నాను. ఆడది నాగలి పట్టిందని కొందరు మూతి తిప్పారు. వాళ్ల మూతులు, వాళ్ల ఇష్టం.

సర్కారు మంజూరు చేసిన డబ్బులో గుట్టకు కావలి మనిషి జీతం కూడా ఉందట. ఊళ్లో ఎవరూ ఒప్పుకోలేదు. సొంత ఊరి గొడ్లను కొట్టి తోలే పని ఎవరికి కావాలి? డప్పు పోయిన మామ ఒప్పుకున్నాడు. ఖాకీ అంగీ ఇచ్చారు. అది మోకాళ్ల దాకా వేలాడేది.

మరుసటి ఎండాకాలం మళ్లీ చేలు మాడాయి. గుట్ట మీద మాత్రం గడ్డి మోకాలెత్తు లేచింది. ఎడ్లు దాన్ని చూసి కందకం దగ్గరే ఆగిపోయాయి, లాగినా రావు. గట్టు మీద మామ కర్ర పట్టుకుని నిలబడ్డాడు.

"మామా, జర పోనియ్. ఒక్క పూట."

"పోనియ్య."

"ఎవరు చూస్తరు?"

"నేను చూస్తున్న గద." తర్వాత నా కళ్లలోకి చూసి, ఒక్కో అక్షరం ఒత్తి పలికాడు: "మహ. సూ. రా."

ఎప్పుడు నేర్చుకున్నాడో! నాకు నవ్వు రాలేదు. ఆయనకూ రాలేదు. ఎడ్లు ముందుకు లాగుతున్నాయి, తాడు నా అరచేతిని కోస్తోంది. తిట్టాను. నోటికొచ్చినదంతా తిట్టాను. అంతా విన్నాడు.

"అయిపోయిందా? కొడవలి తెచ్చుకో. కోసి నెత్తిన మోసుకపో, దానికి హుకుం ఉంది. ఎద్దు నోరు మాత్రం లోపల పడనియ్య" అన్నాడు.

ఎడ్లను వెనక్కు తిప్పి ఇంటికి తోలి, కొడవలి తీసుకుని మళ్లీ పోయాను. ఆ ఎండాకాలమంతా మోశాను. మోపు ఎత్తేందుకు ఒక్కనాడూ చెయ్యి సాయం రాలేదు ఆయన. నేనూ అడగలేదు.